ఫోటోకి టెక్స్చర్ వేయడం ఎలా: ఫోటో మురికిగా మారకుండా, ముఖం పాడవకుండా

"గోడ టెక్స్చర్ వేశాను, ఫోటో మొత్తం మసిబారినట్టు అయిపోయింది." "అమ్మ ముఖం మీద మచ్చలు వచ్చినట్టు కనబడుతోంది, ఏం చేయాలి?" "వీడియోలో చూపించినట్టే చేశాను, నాకెందుకు రావట్లేదు?" ఫోటో ఎడిటింగ్ గురించి రాసినప్పుడల్లా తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలివే. (టెక్స్చర్ అంటే గోడ, కాగితం, గుడ్డ లాంటి వాటి గరుకు, దాన్ని ఫోటో మీద పొరలా వేస్తాం.) వీటన్నిటికీ కారణం దాదాపు రెండే. టెక్స్చర్ బొమ్మను సిద్ధం చేయకుండా అలాగే తెచ్చి ఫోటో మీద పడేయడం ఒకటి, మాస్క్ (వద్దనుకున్న చోట టెక్స్చర్‌ని దాచే తెర) వేయకపోవడం రెండోది. ఏ మోడ్ (టెక్స్చర్ ఫోటోతో కలిసే తీరు) వాడాలి, ఎంత శాతం పెట్టాలి అన్నవి వాటి తర్వాతి సంగతులు. అందుకే ఇక్కడ ఆ రెండిటికీ ఎక్కువ చోటిచ్చి, మిగతావి త్వరగా ముగిస్తున్నాను.

ఉదాహరణగా ఒక ఫోటో అనుకుందాం. పాత ఇంటి అరుగు మీద అమ్మమ్మ కూర్చుని ఉంది, ఫోన్‌తో తీసిన ఫోటో. దానికి సున్నం కొట్టిన గోడ టెక్స్చర్ వేయాలి. సాఫ్ట్‌వేర్ జింప్. ఇది ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. ఫోటోషాప్ ఉన్నవాళ్లకూ ఇవే మెట్లు పనికొస్తాయి, మెనూల చోట్లు మారతాయంతే. కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయలేని వాళ్లు బ్రౌజర్‌లోనే ఫోటోపీ తెరుచుకోవచ్చు. అది చూడటానికి అచ్చం ఫోటోషాప్‌లాగే ఉంటుంది. ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ల సంగతి చివర్లో చెబుతాను.

కావలసినవి

- అసలు ఫోటో. వాట్సాప్‌లో వచ్చిన కాపీ వద్దు, ఫోన్ గ్యాలరీలో ఉన్న ఒరిజినల్ తీసుకోండి. ఫార్వర్డ్ అయిన ఫోటోలో చిన్న చిన్న గడులు ఏర్పడి ఉంటాయి, టెక్స్చర్ పడగానే అవి ఇంకా బయటపడతాయి.
- టెక్స్చర్ ఫోటో. సైజు మీ ఫోటో అంత ఉండాలి, లేదా ఇంకా పెద్దది కావాలి. చిన్నదాన్ని సాగదీస్తే గరుకు పోయి మసక మిగులుతుంది.
- జింప్ 2.10 లేదా ఆ తర్వాతిది. 2025 మార్చిలో వచ్చిన 3.0లో ఫిల్టర్ వేశాక కూడా దాని విలువలు మార్చుకోవచ్చు, అది పెద్ద సౌకర్యం. 2.10 వాడేవాళ్లు ప్రతి ఫిల్టర్‌కి ముందు లేయర్‌ని (ఒకదాని మీద ఒకటి పేర్చే పొరల్లో ఒకదాన్ని) డూప్లికేట్ చేసి పెట్టుకోండి.
- మౌస్. టచ్‌ప్యాడ్‌తో మాస్క్ గీయడం కుదురుతుంది కానీ ఓపిక పరీక్షించినట్టే.

1. టెక్స్చర్ మీరే తీసుకోండి

నెట్‌లో వెతికితే టెక్స్చర్లు కుప్పలుగా దొరుకుతాయి. అందరూ అవే వాడటం వల్ల అందరి ఫోటోలూ ఒకేలా ఉంటాయి. పైగా గూగుల్ ఇమేజెస్‌లో కనబడిందల్లా ఉచితం కాదు. వాడాల్సి వస్తే సీసీ జీరో లైసెన్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చన్న అనుమతి) ఉన్నవే తీసుకోండి. నన్నడిగితే మాత్రం ఇంటి చుట్టూ ఉన్నవాటికి మించినవి లేవంటాను. పెచ్చులూడిన సున్నం గోడ, గోనె సంచి, పాత జమాఖర్చుల పుస్తకంలో పసుపెక్కిన కాగితం, తుప్పు పట్టిన ట్రంకు పెట్టె, తాండూరు బండలు, చేనేత తువ్వాలు, ఎండిన తాటాకు... అరుగు మీద కూర్చున్న అమ్మమ్మ ఫోటోకి ఎక్కడో ఐరోపా చర్చి గోడ టెక్స్చర్ దేనికి?

తీసేటప్పుడు చూసుకోవాల్సినవి:

- ఫోన్‌ని గోడకి సరిగ్గా ఎదురుగా పట్టుకోండి. వంకరగా పడితే ఒక పక్క స్పష్టంగా, ఇంకో పక్క మసకగా వస్తుంది.
- మరకలు, రంగులు కావాలంటే నీడలో తీయండి. ఎగుడుదిగుడులు, పగుళ్లు కావాలంటే గోడ వెంట ఏటవాలుగా ఎండ పడే ఉదయమో సాయంత్రమో తీయండి. మిట్టమధ్యాహ్నం నెత్తిన ఎండలో వద్దు.
- ఫ్లాష్ ఆపేయండి. మధ్యలో తెల్లటి మచ్చ పడుతుంది, దాన్ని తర్వాత తీయలేరు.
- ఒకే గోడని దగ్గరగా ఒకటి, నాలుగడుగుల దూరం నుంచి ఒకటి తీసి పెట్టుకోండి. రెండో మెట్టు తర్వాత ఎందుకో తెలుస్తుంది.

2. రెండింటినీ ఒకే ఫైల్లోకి తెచ్చుకోండి

ముందు అసలు ఫోటో తెరవండి. తర్వాత ఫైల్ మెనూలో 'ఓపెన్ యాజ్ లేయర్స్' నొక్కి టెక్స్చర్ ఎంచుకోండి. అది పై లేయర్‌గా వచ్చి కూర్చుని ఫోటోని పూర్తిగా కప్పేస్తుంది, కంగారు పడకండి. షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే స్కేల్ టూల్ వస్తుంది. వెడల్పు, ఎత్తు పక్కనున్న గొలుసు బొమ్మ కలిసే ఉందో లేదో చూసుకుని సైజు సరిచేయండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి కొలత చూడండి. గోడ మీది పగులు అమ్మమ్మ చేతి కంటే లావుగా కనబడుతుంటే, గోనె సంచి పోగు ఆమె కంటి అంత ఉంటే, ఏ మోడ్ పెట్టినా ఆ ఫోటో కుదరదు. చూసేవాళ్ల దృష్టి మనిషి మీద కాకుండా పోగు మీద పడుతుంది. అలా ఉంటే దూరం నుంచి తీసిన టెక్స్చర్ పెట్టండి.

వెలుతురు దిక్కు కూడా చూడండి. ఫోటోలో ఎండ ఎడమ నుంచి పడుతూ, గోడ పెచ్చుల నీడలు ఇంకో దిక్కు చెబుతుంటే ఏదో తేడా ఉందని చూసేవాళ్లకి అనిపిస్తుంది, ఏమిటో చెప్పలేరు. టెక్స్చర్ లేయర్‌ని ఫ్లిప్ టూల్‌తో అడ్డంగా తిప్పితే సరిపోతుంది.

3. టెక్స్చర్‌ని శుభ్రం చేయండి (ఇది వదిలేయకండి)

మసిబారడానికి మూలం ఇక్కడుంది. తెల్ల గోడని ఫోటో తీస్తే అది ఫోటోలో తెల్లగా రాదు. కెమెరా ఆటో ఎక్స్‌పోజర్ ఎదురుగా ఏముందో తెలుసుకోకుండా మొత్తాన్ని మధ్యస్థంగా తేవాలని చూస్తుంది, కాబట్టి గోడ బూడిద రంగులోకి దిగుతుంది. మన కళ్లు దాన్ని తెలుపుగానే చదువుకుంటాయి, సాఫ్ట్‌వేర్ చదువుకోదు. ఆ బూడిద రంగంతా మీ ఫోటో మీద పడి ముఖం, చీర, ఆకాశం అన్నిటినీ ఒక మెట్టు నల్లగా చేస్తుంది.

చేయాల్సింది ఇది:

అ) టెక్స్చర్ లేయర్ ఎంచుకుని, కలర్స్ మెనూలో డీశాచురేట్ వేయండి. రంగు పోయి నలుపు తెలుపు అవుతుంది. సున్నంలోని నీలం ఛాయ అమ్మమ్మ చర్మానికి పాకకుండా ఉంటుంది. తుప్పు, పాత కాగితం లాంటి వాటి రంగే కావాలనుకుంటే ఈ మెట్టు దాటేయండి, కానీ తర్వాత శాతం ఇంకా తగ్గించాలి.

ఆ) కలర్స్ మెనూలోనే లెవల్స్ తెరవండి. కొండలాంటి గ్రాఫ్ కనబడుతుంది. దాని కింద కుడివైపున్న తెల్ల త్రికోణాన్ని ఎడమకి లాగి, కొండ మొదలయ్యే చోట ఆపండి. గోడ ఇప్పుడు నిజంగా తెల్లబడుతుంది, పగుళ్లు మాత్రం ముదురుగా మిగులుతాయి.

ఇ) గోడ ఒక మూల వెలుగ్గా, ఇంకో మూల చీకటిగా ఉంటే లెవల్స్ ఒక్కటే చాలదు. ఫిల్టర్స్ మెనూలో ఎన్‌హాన్స్ కింద 'హై పాస్' ఉంది. దాన్ని వేస్తే వెలుతురు తేడాలు పోయి, మొత్తం మధ్యస్థ బూడిద రంగులోకి వచ్చి, గీతలు, గరుకు మాత్రమే మిగులుతాయి. పెద్ద ఫోటోలకి 'స్టాండర్డ్ డీవియేషన్' విలువ 20 నుంచి 40 మధ్య పెట్టి చూడండి. తక్కువ పెడితే సన్నటి గీతలే ఉంటాయి, ఎక్కువ పెడితే మరకలు కూడా నిలుస్తాయి.

లెవల్స్ దారిలో వెళ్లారా, హై పాస్ దారిలో వెళ్లారా అన్నది గుర్తుంచుకోండి. తర్వాతి మెట్టులో మోడ్ దాన్ని బట్టే ఎంచుకోవాలి.

4. మోడ్ ఎంచుకోండి

లేయర్ల ప్యానెల్ పైన 'మోడ్' అని ఉంటుంది. అందులో పదుల కొద్దీ ఉంటాయి, మనకు నాలుగు చాలు.

- మల్టిప్లై: టెక్స్చర్‌లో తెలుపు మాయమవుతుంది, ముదురు గీతలే ఫోటో మీద నిలుస్తాయి. లెవల్స్‌తో తెల్లబరిచిన గోడకి, కాగితానికి ఇది.
- స్క్రీన్: దీనికి తలకిందులు. నలుపు మాయమై, తెల్లటివి నిలుస్తాయి. దుమ్ము, గీతలు, కాంతి మరకలకి.
- ఓవర్లే: మధ్యస్థ బూడిద రంగు మాయమవుతుంది. హై పాస్ వేసినదానికి ఇది. కాంట్రాస్ట్ బాగా పెరుగుతుంది.
- సాఫ్ట్ లైట్: ఓవర్లే కంటే నెమ్మదైనది. మనుషుల ఫోటోలకి ముందు దీన్నే పెట్టి చూడమని నా సలహా.

ఆ తర్వాత ఒపాసిటీ, అంటే టెక్స్చర్ ఎంత శాతం కనబడాలన్నది. 100 నుంచి తగ్గించుకుంటూ రాకండి. సున్నా నుంచి పెంచుకుంటూ వెళ్లండి, గరుకు కంటికి తగలగానే ఆపండి. పై నుంచి తగ్గిస్తూ వస్తే కన్ను అప్పటికే ఎక్కువకి అలవాటు పడిపోయి ఉంటుంది, ఆగాల్సిన చోటు దాటాకే ఆగుతారు. మనుషులున్న ఫోటోకి సాధారణంగా 20 నుంచి 40 శాతం మధ్య కుదురుతుంది. గోడలు, వీధులు, ఆకాశం ఉన్న ఫోటోకి 60 దాకా వెళ్లినా ఇబ్బంది లేదు.

5. మాస్క్ వేయండి

లేయర్ మీద రైట్ క్లిక్ చేసి 'యాడ్ లేయర్ మాస్క్', అందులో తెలుపు రంగు ఉన్న ఎంపిక తీసుకోండి. లేయర్ పక్కన ఇంకో తెల్ల గడి వస్తుంది. ఆ గడి మీద నల్ల బ్రష్‌తో గీసిన చోట టెక్స్చర్ కనబడదు, తెల్ల బ్రష్‌తో గీస్తే మళ్లీ వస్తుంది. డి నొక్కితే నలుపు తెలుపు రంగులు సిద్ధమవుతాయి, ఎక్స్ నొక్కితే ఒకదాని చోట ఒకటి వస్తాయి. ఇక ఎరేజర్‌తో పనే లేదు. ఎరేజర్‌తో చెరిపింది రేపు తిరిగి రాదు, మాస్క్‌తో దాచింది ఎప్పుడైనా వస్తుంది.

బ్రష్ అంచు మెత్తగా ఉండాలి, బ్రష్ ఒపాసిటీ 30 దగ్గర పెట్టండి. ఇప్పుడు అమ్మమ్మ ముఖం మీద నెమ్మదిగా మూడు నాలుగు సార్లు పోనివ్వండి. ముందు కళ్లు, తర్వాత బుగ్గలు, నుదురు. ముఖం మీద ముడతలున్నాయి కదా, గోడ పగుళ్లు వాటితో కలిస్తే ఏది ముడతో ఏది పగులో తెలియదు. వృద్ధుల ఫోటోల్లో ఈ చోటే ఎక్కువ పాడవుతుంది. చేతులకి కూడా ఇదే వర్తిస్తుంది.

అలాగని ముఖం మీద పూర్తిగా చెరిపేయొద్దు. చుట్టూ గరుకుగా ఉండి ముఖం ఒక్కటే నున్నగా ఉంటే, ఇంకో ఫోటోలోంచి కత్తిరించి అతికించినట్టు కనబడుతుంది. ఏ కొంచెమో మిగలనివ్వండి. ముఖం మీద లేశంగా, చీర మీద సగం, వెనక గోడ మీద పూర్తిగా ఉండేలా దింపుకుంటూ రండి. జుట్టు అంచుల దగ్గర పెద్ద మెత్తటి బ్రష్‌తో ఒక్కసారి పోనిస్తే చాలు. వెంట్రుక వెంట్రుక పట్టుకుని గీస్తే తల చుట్టూ వెలుగు వలయం ఏర్పడుతుంది.

గీస్తున్నా ఏమీ మారట్లేదా? లేదా ఫోటో మీద నిజంగానే నల్ల గీత పడుతోందా? మీరు మాస్క్ గడి మీద కాకుండా లేయర్ మీద గీస్తున్నారు. కంట్రోల్, జెడ్ నొక్కి వెనక్కి వెళ్లి, మాస్క్ గడిని ఒకసారి క్లిక్ చేసి మళ్లీ మొదలెట్టండి. కొత్తవాళ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

6. కావాలంటే మరికొన్ని

దుమ్ము, చుక్కలు: వంటింట్లో కడప బండ నల్లగా ఉంది కదా అని దాని మీద ప్రయత్నించకండి, పాలిష్ వల్ల కిటికీ ప్రతిబింబం పడుతుంది. నల్ల చార్టు కాగితం పరిచి, జల్లెడలో చిటికెడు బియ్యప్పిండి వేసి పైనుంచి తట్టండి. కొన్ని చోట్ల దట్టంగా, కొన్ని చోట్ల ఒకటీ అరా పడేలా ఒక మూలకి ఎక్కువ తట్టండి. పక్కనుంచి టార్చి వేసి ఫోటో తీయండి. లెవల్స్‌లో ఈసారి నల్ల త్రికోణాన్ని కుడికి లాగి చార్టుని నిఖార్సైన నలుపు చేయండి, మోడ్ స్క్రీన్. పాత సినిమా రీలు మీది దుమ్ములా వస్తుంది. కొంచెం మసక చేస్తే గాల్లో తేలే ధూళి అవుతుంది. కొనుక్కునే టెక్స్చర్ల కంటే ఇదే బాగుంటుందని నా అభిప్రాయం.

గ్రెయిన్ (పాత ఫిల్మ్ ఫోటోల్లో కనబడే సన్నటి చుక్కలు): కొత్త లేయర్ తీసి 808080 రంగుతో, అంటే మధ్యస్థ బూడిద రంగుతో నింపండి, మోడ్ ఓవర్లే. ఫిల్టర్స్ మెనూలో నాయిస్ కింద ఆర్‌జీబీ నాయిస్ వేయండి. అందులో 'ఇండిపెండెంట్ ఆర్‌జీబీ' టిక్ తీసేయండి, లేకపోతే ఎరుపు ఆకుపచ్చ చుక్కలు వచ్చి ఫిల్మ్‌లా కాకుండా పాడైన సెన్సర్‌లా ఉంటుంది. గ్రెయిన్‌కి ఇంకో ఉపయోగం ఉంది. ఆకాశంలో రంగు మెట్లు మెట్లుగా కనబడుతుంటే వాటిని కలిపేస్తుంది.

కాంతి మరక: నల్ల లేయర్, దాని అంచున పెద్ద మెత్తటి బ్రష్‌తో నారింజ రంగు, పైన గట్టిగా గాసియన్ బ్లర్ (మసక చేసే ఫిల్టర్), మోడ్ స్క్రీన్. మనిషి ముఖం వైపు కాకుండా ఖాళీ ఉన్న మూలన పెట్టండి.

ఇవన్నీ ఒకే ఫోటోకి వేయొద్దు. ఒక టెక్స్చర్, దాని మీద మరొకటి. మూడోది వేయాలనిపిస్తే మొదటి రెండిటిలో ఏదో సరిపోలేదని లెక్క.

7. కుదిరిందో లేదో చూసుకోండి

- లేయర్ పక్కనున్న కన్ను బొమ్మ నొక్కి టెక్స్చర్ ఆపి, మళ్లీ పెట్టి చూడండి. పెట్టగానే ముందు మనిషి కనబడుతోందా, గోడ కనబడుతోందా? గోడే అయితే పది శాతం తగ్గించండి.
- ఫోటోని స్క్రీన్ మీద అగ్గిపెట్టె అంత చిన్నగా చేసి చూడండి. మొత్తం చీకటిగా ముద్దలా ఉంటే మూడో మెట్టుకి వెళ్లి లెవల్స్ మళ్లీ చూసుకోవాలి.
- 100 శాతం జూమ్‌లో కళ్లు, పెదవులు, వేళ్లు ఒక్కొక్కటే చూడండి.
- కలర్స్ మెనూలోని లెవల్స్‌ని ఈసారి అసలు ఫోటో లేయర్ మీద తెరిచి, గ్రాఫ్ చూసి రద్దు చేయండి. కొండ మొదటి నుంచీ ఎడమకే ఒరిగి ఉంటే ఆ ఫోటోయే చీకటిది. దాన్ని ముందు వెలుగు చేయకుండా మల్టిప్లై వేసి లాభం లేదు.
- స్క్రీన్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి పని చేయకండి. అక్కడ సరిగ్గా ఉన్నది కాగితం మీద నల్లగా వస్తుంది.

ఫోన్‌లోనే చేయాలంటే

స్నాప్‌సీడ్‌లో ఫోటో తెరిచి, టూల్స్‌లో 'డబుల్ ఎక్స్‌పోజర్' తీసుకోండి. అందులో టెక్స్చర్ ఫోటో జోడించి రెండు వేళ్లతో సైజు సరిచేయండి. కాగితం, గోడలకి 'డార్కెన్', బియ్యప్పిండి దుమ్ముకి 'లైటెన్' పనిచేస్తాయి. మాస్క్ కోసం, పని అయ్యాక 'వ్యూ ఎడిట్స్'కి వెళ్లి, ఆ మెట్టు మీద నొక్కి బ్రష్ తీసుకోండి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది, మీరు గీసిన చోట మాత్రమే టెక్స్చర్ కనబడుతుంది. అది ముఖం వదిలేయడానికి నిజానికి ఇంకా తేలిక. అయితే టెక్స్చర్‌ని తెల్లబరిచే పని ముందే విడిగా చేసి సేవ్ చేసి పెట్టుకోవాలి, లేకపోతే మళ్లీ అదే మసి.

8. సేవ్, ప్రింట్

జింప్‌లో సేవ్ నొక్కితే ఎక్స్‌సీఎఫ్ ఫైల్ వస్తుంది, లేయర్లన్నీ అందులో ఉంటాయి. దాన్ని పారేయకండి. ఎవరికైనా పంపే కాపీని మాత్రం 'ఎక్స్‌పోర్ట్ యాజ్'తో జేపెగ్‌గా తీయండి, క్వాలిటీ 90కి తగ్గకుండా. గ్రెయిన్ వేసిన ఫోటో ఫైల్ సైజు పెరుగుతుంది, అది సహజమే. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే కష్టపడి తెచ్చిన గరుకంతా కుదింపులో పోతుంది.

ప్రింట్‌కి అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్క వేసుకోండి. 4×6 సైజుకి 1200×1800 పిక్సెళ్లు, 12×18కి 3600×5400. ఫోన్ ఫోటో 4000×3000 అయితే 12×18కి అంగుళానికి 220 దాకా వస్తుంది. గోడకి తగిలించి రెండడుగుల దూరం నుంచి చూసే ఫ్రేమ్‌కి అది సరిపోతుంది. పెద్ద ప్రింట్‌కి ముందు 4×6లో ఒకటి తీయించి పగటి వెలుతురులో చూడండి. ల్యాబ్‌లో ఇచ్చేటప్పుడు ఆటో కరెక్షన్ వేయొద్దని గట్టిగా చెప్పండి. చాలా చోట్ల అలవాటుగా కాంట్రాస్ట్ పెంచేస్తారు, దాంతో మీరు 25 శాతానికి దింపిన పగుళ్లు 50 అంత ముదురుగా వస్తాయి.